కొత్త పికప్ ట్రక్కు గేర్‌బాక్స్‌లో వణుకు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడి జవాబులు టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ బలాన్ని ఫ్లూయిడ్ అనే నూనె ద్వారా గేర్లకు చేర్చే భాగం) ఉన్న ఆటోమేటిక్ గేర్‌బాక్సులకు మాత్రమే వర్తిస్తాయి. మాన్యువల్, డ్యుయల్ క్లచ్ (రెండు క్లచ్‌లది), సీవీటీ (విడివిడి గేర్లు లేనిది) బళ్లలో వణుకు పుట్టే చోటు వేరు, దానికి మందూ వేరు.

షడర్ అంటే సరిగ్గా ఎలాంటి వణుకు?

బండి వేడెక్కాక, గంటకు 40 నుంచి 130 కిలోమీటర్ల మధ్య ఎక్కడైనా, యాక్సిలరేటర్‌ను కొద్దిగా నొక్కి ఒకే వేగంలో పోతున్నప్పుడు వస్తుంది. రోడ్డు అంచున నిద్రమత్తు వదిలించడానికి వేసే గరుకు పట్టీల మీద చక్రాలు ఎక్కినట్టు ఒకటి రెండు సెకన్లు గరగరమని వణికి ఆగిపోతుంది. కాసేపటికి మళ్లీ వస్తుంది. స్టీరింగ్‌లో కంటే సీటులోనూ కాళ్ల కింద నేలలోనూ ఎక్కువ తెలుస్తుంది. కొన్ని బళ్లలో ఆ క్షణాన ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) ముల్లు సన్నగా అదురుతుంది.

గేరు మారే క్షణంలో వచ్చేది షడర్ కాదు. బ్రేకు వేసినప్పుడు వచ్చేదీ, ఆగి ఉన్నప్పుడు వచ్చేదీ కాదు. ఎక్కువమంది దారి తప్పేది ఇక్కడే. "గేర్‌బాక్స్ వణుకుతోంది" అని మాత్రమే చెబితే మెకానిక్ వెతకాల్సిన చోట్లు పది ఉంటాయి. "నిలకడ వేగంలో, గేరు మారనప్పుడు" అని చెబితే రెండు మూడుకు తగ్గుతాయి.

కొత్త బండి కదా, తిరిగేకొద్దీ సర్దుకుంటుందని అంటున్నారు. ఆగాలా?

ఆగకండి. మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో గేర్‌బాక్స్ కంప్యూటర్ ఒక్కో క్లచ్ ఎంత ఒత్తిడికి పట్టుకుంటుందో నేర్చుకుంటూ పోయే మాట నిజమే. దానివల్ల గేరు మారే తీరు మెత్తబడుతుంది. షడర్ ఆ జాబితాలోది కాదు. వణికిన ప్రతిసారీ కన్వర్టర్ లోపల ఉండే లాకప్ క్లచ్ (దాని సంగతి తర్వాతి జవాబులో ఉంది) ముఖం కొంచెం వేడెక్కుతుంది, కొంచెం నునుపెక్కుతుంది. నునుపెక్కిన ముఖం మరింత తేలిగ్గా వణుకుతుంది. మొదట్లో ఫ్లూయిడ్ మారిస్తే పోయేది, ఏడాది నానబెడితే కన్వర్టర్ మార్చేదాకా పోవచ్చు.

లోపల అసలేం జరుగుతోంది?

ఇంజిన్‌కూ గేర్లకూ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది. అందులో ఇంజిన్ తిప్పే రెక్కల చక్రం ఫ్లూయిడ్‌ను విసురుతుంది. ఎదురుగా ఉన్న మరో రెక్కల చక్రం, అంటే టర్బైన్, ఆ విసురుకు తిరుగుతుంది. రెండింటికీ గట్టి పట్టు లేదు కాబట్టి కొంత తిరుగుడు వేడిగా మారి వృథా అవుతుంది. ఆ నష్టం తప్పించడానికి లోపల ఒక లాకప్ క్లచ్ పెట్టారు. వేగం నిలకడపడగానే అది రెండు చక్రాలనూ కలిపి పట్టుకుంటుంది.

పాత గేర్‌బాక్సుల్లో ఈ లాకప్ పెద్ద గేర్లలో, హైవే వేగంలో మాత్రమే పడేది. అదీ పూర్తిగా పడేది, లేకపోతే పూర్తిగా వదిలేది. ఇప్పటి 8, 10 గేర్ల బాక్సుల్లో ఇంధనం ఆదా కోసం చిన్న గేర్లలోనే, తక్కువ ఆర్‌పీఎంలోనే పడుతుంది. అంత తక్కువ ఆర్‌పీఎంలో పూర్తిగా పడితే ఇంజిన్‌లోని ప్రతి దెబ్బా నేరుగా బాడీకి చేరుతుంది. అది మింగడానికి కంప్యూటర్ లాకప్ క్లచ్‌ను పూర్తిగా బిగించకుండా, నిమిషానికి కొన్ని పదుల చుట్ల తేడాతో కావాలనే జారనిస్తుంది. అంటే ఈ క్లచ్ బండి తిరుగుతున్నంతసేపూ ఫ్లూయిడ్‌లో నానుతూ, కాస్త జారుతూ, కాస్త పట్టుకుంటూ ఉండాలి. చాలా సున్నితమైన పని అది.

ఇక ఘర్షణ సంగతి. జారుడు వేగం పెరిగేకొద్దీ పట్టు కూడా కొంచెం పెరిగితే క్లచ్ నిలకడగా జారుతుంది. తిరగబడి, జారుడు తగ్గగానే పట్టు పెరిగితే చిక్కు మొదలవుతుంది. పట్టుకుంటుంది, ఇంజిన్ బలం దాన్ని లాగేస్తుంది, జారుతుంది, మళ్లీ పట్టుకుంటుంది. సెకనుకు ఎన్నోసార్లు ఇదే. నూనె ఆరిన తలుపు బందు కిర్రుమనేది ఈ పట్టు-జారుడు వల్లే, తడి వేలితో రాస్తే గాజు గ్లాసు అంచు మోగేదీ అందుకే. ఆ తిరగబాటును అడ్డుకోవడానికే ఫ్లూయిడ్‌లో ఘర్షణను సరిచేసే రసాయనాలు కలుపుతారు. అవి వేడికి చచ్చినా, ఫ్లూయిడ్‌లో తేమ చేరినా, క్లచ్ ముఖంలోని కాగితపు పొర నీటిని పీల్చినా, ఆ ముఖం కాలి గాజులా మెరుస్తున్నా షడర్ వస్తుంది. యంత్రంలో ఏదీ విరగకుండానే బండి అంతలా వణకడానికి కారణం ఇదే.

నా బండిలోది ఇదేనని ఎలా తేల్చుకోవాలి?

డబ్బు ఖర్చుపెట్టే ముందు చేయాల్సిన పరీక్షలు నాలుగున్నాయి. ఖాళీగా, తిన్నగా, సమతలంగా ఉన్న రోడ్డు ఎంచుకోండి. కనీసం 20 నిమిషాలు నడిపి గేర్‌బాక్స్‌ను వేడెక్కించండి. పక్కన మరొకరు కూర్చుని రాసుకుంటే మంచిది.

మొదటిది బ్రేకు పరీక్ష. వణుకు వస్తుండగా కుడికాలు యాక్సిలరేటర్ మీద కదపకుండా ఉంచి, ఎడమకాలితో బ్రేకు పెడల్‌ను బ్రేక్ లైట్లు వెలిగేంత మాత్రమే తాకండి. బండి వేగం తగ్గకూడదు. చాలా బళ్లలో బ్రేకు స్విచ్ పడగానే లాకప్ వదిలేస్తుంది. ఆర్‌పీఎం 100 నుంచి 300 దాకా లేచి, వణుకు అక్కడికక్కడే తెగిపోతే వేలు లాకప్ క్లచ్ వైపే చూపిస్తోందన్నమాట. కాలు తీయగానే, లాకప్ మళ్లీ పడ్డాక వణుకు తిరిగొస్తే అనుమానం ఇంకా బలపడుతుంది.

రెండోది యాక్సిలరేటర్ పరీక్ష. వణుకు మొదలవగానే పెడల్‌ను ఇంకాస్త నొక్కండి. లాకప్ వదిలేంతగానో, గేరు తగ్గేంతగానో నొక్కితే షడర్ పోతుంది. ఇంజిన్ మిస్సింగ్ (ఏదో సిలిండర్ సరిగా పేలకపోవడం) అయితే లోడు పెరిగేకొద్దీ ఎక్కువవుతుంది.

మూడోది గేరు పరీక్ష. మాన్యువల్ మోడ్‌లో ఒక గేరు తగ్గించి అదే రోడ్డు వేగంలో పోండి. వణుకు అదే వేగంలో అలాగే ఉంటే టైర్లూ, గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాల వైపు పోయే ప్రొపెల్లర్ షాఫ్టూ చూడాలి. వాటికి ఏ గేరులో ఉన్నామన్నది పట్టదు.

నాలుగోది, ఇలాంటి రోడ్డు దొరికితేనే చేయండి: వణుకు వచ్చే వేగానికి కాస్త పైకి వెళ్లి న్యూట్రల్‌లో పెట్టి దొర్లనివ్వండి. న్యూట్రల్‌లోనూ వణికితే ఇంజిన్, కన్వర్టర్ రెండూ నిర్దోషులు. ఇంజిన్ ఆపకండి, స్టీరింగ్, బ్రేకులు బరువెక్కుతాయి.

బ్రేకు పరీక్ష ఒక్కటే నమ్ముకుని కన్వర్టర్ మార్పించకండి. లాకప్ వదిలినప్పుడు ఆర్‌పీఎం పెరిగి ఇంజిన్ మీద లోడు తీరు కూడా మారుతుంది. సన్నటి మిస్సింగ్ అప్పుడు దాక్కోవచ్చు.

టైర్లా, ఇంజినా, కన్వర్టరా అన్నది లెక్కలో తేలుతుందా?

చాలావరకు తేలుతుంది. ఫోన్‌లో కంపనాలు కొలిచే యాప్ తెరిచి, ఫోన్‌ను సీటు కింది ఇనుప పట్టాకు గట్టిగా కట్టి, సెకనుకు ఎన్ని కంపనాలో చూడండి. ఆపైన ఈ లెక్క.

టైరు వ్యాసం 80 సెంటీమీటర్లనుకుందాం. చుట్టుకొలత దాదాపు 2.5 మీటర్లు. గంటకు 100 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 27.8 మీటర్లు, కాబట్టి టైరు సెకనుకు 11 చుట్లు తిరుగుతుంది. వెనక డిఫరెన్షియల్ నిష్పత్తి 3.42 అయితే ప్రొపెల్లర్ షాఫ్ట్ సెకనుకు 38 చుట్లు. ఇంజిన్ 1500 ఆర్‌పీఎంలో ఉంటే సెకనుకు 25 చుట్లు. 8 సిలిండర్ల ఇంజిన్ చుట్టుకు 4 సార్లు పేలుతుంది, అంటే 100. 6 సిలిండర్లదైతే 75, 4 సిలిండర్లదైతే 50.

కంపనం 11 దగ్గరుంటే బ్యాలెన్సింగ్, వంగిన రిమ్ము, ఎక్కువ రోజులు నిలబెట్టడం వల్ల చదునైన టైరు చూడండి. కొత్త బండి యార్డులో నెలల తరబడి నిలిచి ఉంటే ఈ చివరిది మామూలే. 38 దగ్గరుంటే షాఫ్ట్, దాని క్రాసులు (కీళ్లు), మధ్య బేరింగు. ఒక్క సిలిండర్ మిస్ అవుతుంటే రెండు చుట్లకోసారి లోటు పడుతుంది, అంటే 1500 ఆర్‌పీఎంలో సెకనుకు 12.5. టైరు లెక్కకు ఇది ఎంత దగ్గరో చూడండి. మిస్సింగ్‌కు టైర్లు బ్యాలెన్స్ చేయించుకుని నిరాశపడేది ఇలాగే. అందుకే రెండు మూడు వేర్వేరు వేగాల్లో కొలవాలి. టైరు లెక్క రోడ్డు వేగంతో కదులుతుంది, మిస్సింగ్ లెక్క ఆర్‌పీఎంతో కదులుతుంది. షడర్ రెండింటికీ కట్టుబడకుండా, లాకప్ జారుతున్న ఆ కాసేపట్లోనే గుంపుగా వచ్చిపోతుంది.

నా ఇంజిన్ సగం సిలిండర్లు ఆపేసే రకం. దానివల్ల కావచ్చా?

కావచ్చు. 8 సిలిండర్లలో 4 ఆగిపోతే దెబ్బల సంఖ్య సగమై, ఒక్కో దెబ్బ బరువెక్కుతుంది. 1500 ఆర్‌పీఎంలో సెకనుకు 100 ఉన్నది 50కి పడుతుంది. అది కింద నుంచి గుంయ్‌మనే ఒక నిలకడ మోతలా ఉంటుంది, షడర్‌లా గరగరమని తెగి తెగి రాదు. డ్యాష్‌బోర్డులో వీ8, వీ4 అని చూపించే బండి అయితే వణుకు సమయంలో ఏది కనబడుతోందో రాసుకోండి. వీ4లోనే వస్తూ, వీ8కి మారగానే ఆగిపోతే విషయం కంపెనీకి వేరుగా చెప్పాలి.

ఉదయం మొదటిసారి కదిలేటప్పుడు గేర్‌బాక్స్‌లో ధన్‌మని దెబ్బ పడుతోంది. ఇదీ షడరేనా?

కాదు. చల్లని గేర్‌బాక్స్‌లో రాత్రంతా ఫ్లూయిడ్ దిగిపోయి క్లచ్‌లు ఖాళీగా ఉండటం, వాల్వ్ బాడీ (ఫ్లూయిడ్ ఒత్తిడిని పంచే భాగం), సోలినాయిడ్లు (దానిలోని కరెంటు వాల్వులు), సాఫ్ట్‌వేర్ లాంటి కారణాలు అక్కడ ఉంటాయి. ఒకే బండిలో రెండూ ఉండొచ్చు. ఫిర్యాదు మాత్రం రెండు వేర్వేరు వరుసల్లో రాయించండి. కలిపి రాస్తే ఒకదానికి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వేసి రెండూ తీరినట్టు జాబ్ కార్డు మూసేస్తారు.

చెక్ ఇంజిన్ లైటు వెలగలేదు. స్కానర్ (బండి కంప్యూటర్‌ను చదివే పరికరం) పెట్టి లాభమేంటి?

షడర్‌కు చాలాసార్లు లోపం కోడ్ పడదు. పి0741 అంటే లాకప్ పడాల్సినప్పుడు సరిగా పడలేదని, పి0742 అంటే వదలాల్సినప్పుడు వదల్లేదని. వణుకు ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది కాబట్టి కంప్యూటర్ దృష్టిలో అంతా బాగున్నట్టే. కోడ్ లేదు కాబట్టి లోపం లేదన్న మాటను ఒప్పుకోవద్దు.

చూడాల్సింది లైవ్ డేటా. ఇంజిన్ ఆర్‌పీఎం, గేర్‌బాక్స్ ఇన్‌పుట్ (టర్బైన్) ఆర్‌పీఎం, లాకప్ స్లిప్, ఏ గేరు, గేర్‌బాక్స్ ఉష్ణోగ్రత, సిలిండర్‌వారీ మిస్‌ఫైర్ (మిస్సింగ్) లెక్క. స్లిప్ అంటే ఇంజిన్ ఆర్‌పీఎం నుంచి టర్బైన్ ఆర్‌పీఎం తీసేయగా మిగిలేది. ఆరోగ్యంగా ఉంటే కంప్యూటర్ అడిగినంత దగ్గర, ఉదాహరణకు 20 అడిగితే 20 చుట్టుపక్కల, కుదురుగా ఉంటుంది. షడర్‌లో అదే గీత పళ్ల దువ్వెనలా పైకీ కిందకీ కొట్టుకుంటుంది. అదే సమయంలో మిస్‌ఫైర్ లెక్క పెరుగుతుంటే ముందు ప్లగ్గులు, కాయిళ్లు చూడండి.

ఒక చిన్న మెలకువ. తక్కువ ధర బ్లూటూత్ అడాప్టర్లు ఒకేసారి పదిహేను లెక్కలు అడిగితే ఒక్కోదాన్ని సెకనుకు ఒకసారి కూడా చదవలేవు. అప్పుడు షడర్ గీతలో కనబడనే కనబడదు. మూడు లేక నాలుగు లెక్కలే ఎంచుకుని రికార్డు చేయండి.

జనరల్ మోటార్స్ 8-స్పీడ్ గేర్‌బాక్స్ గురించి అంతా చెప్పుకునేది ఏమిటి?

ఈ సమస్యకు అమెరికాలో బాగా తెలిసిన ఉదాహరణ అదే. 2015 నుంచి 2019 మోడళ్ల వరకు షెవ్రలే సిల్వరాడో, జీఎంసీ సియెరా, కొలరాడో, కాన్యన్ లాంటి పికప్పుల్లో 8ఎల్90, 8ఎల్45 అనే 8 గేర్ల బాక్సులు వచ్చాయి. గంటకు 25 నుంచి 80 మైళ్ల మధ్య, తేలికపాటి యాక్సిలరేటర్‌లో, గేరు మారనప్పుడు వణుకు అన్న ఫిర్యాదులు కుప్పలుగా వచ్చాయి. మొదటి ఫ్లూయిడ్ తేమను పీల్చుకునే గుణం ఉన్నది. గేర్‌బాక్స్ గాలి గొట్టం ద్వారా లోపలికి చేరిన తేమ లాకప్ క్లచ్ ఘర్షణను చెడగొట్టింది.

కంపెనీ 18-ఎన్‌ఏ-355 నంబరు బులెటిన్‌లో (డీలర్లకు పంపే మరమ్మతు సూచన) ఫ్లూయిడ్‌ను పూర్తిగా మార్చమంది. కొత్తది మొబిల్ 1 సింథటిక్ ఎల్‌వీ ఏటీఎఫ్ హెచ్‌పీ. పాతది ఆనవాళ్లు లేకుండా పోవాలని యంత్రంతో తోసి కడగడానికి 20 క్వార్టుల దాకా, అంటే దాదాపు 19 లీటర్లు, వాడే పద్ధతి అందులో ఉంది. చాలా బళ్లలో దానితో వణుకు పోయింది. క్లచ్ ముఖం అప్పటికే చెడిన బళ్లకు కన్వర్టర్ కావాల్సి వచ్చింది.

ఇలాంటి వాడిన బండి కొనబోతుంటే ఆ బులెటిన్ పని జరిగిందో లేదో బండి నంబరుతో డీలర్ దగ్గర సర్వీసు చరిత్ర తీయించండి. కాగితం లేకపోతే జరగలేదనే అనుకోండి.

సర్వీస్ సెంటర్‌లో "మాకు వణుకు కనబడలేదు" అని పంపేస్తున్నారు. ఏం చేయాలి?

బండి అక్కడ వదిలేసి రావద్దు. టెక్నీషియన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని మీరే నడపండి. చల్లని బండి ఇస్తే షడర్ రాదు, వేడెక్కించి తీసుకెళ్లండి. ముందుగానే ఒక కాగితం మీద ఏ వేగం, ఏ గేరు, ఎంత ఆర్‌పీఎం, ఎంత గేర్‌బాక్స్ ఉష్ణోగ్రత, ఎక్కుడా దిగుడా, ఎంతసేపు అన్నది మూడు నాలుగు సందర్భాలకు రాసుకోండి. స్కానర్ రికార్డు ఉంటే జత చేయండి.

జాబ్ కార్డులో ఈ వాక్యం మీ మాటల్లో రాయించండి: "వేడెక్కిన తర్వాత, గంటకు ఇన్ని కిలోమీటర్ల వేగంలో, ఇన్నో గేరులో, తేలిక యాక్సిలరేటర్‌లో, గేరు మారనప్పుడు వణుకు. బ్రేకు పెడల్ తాకితే ఆగుతుంది." మీ మోడల్‌కు కంపెనీ బులెటిన్ ఉందేమో అడిగి, ఉంటే ఆ నంబరూ రాయించండి. లోపం దొరకలేదని తేల్చినా ఆ కాగితం కాపీ తీసుకోండి. రేపు వారంటీ గడువు దాటాక ఈ ఫిర్యాదు గడువులోనే మొదలైందని చూపించేది అదొక్కటే. అమెరికాలో జనరల్ మోటార్స్, ఫోర్డ్ పెట్రోల్ పికప్పులకు ఇంజిన్, గేర్‌బాక్స్ వారంటీ సాధారణంగా 5 ఏళ్లు లేదా 60,000 మైళ్లు, ఏది ముందైతే అది. అక్కడి తయారీదారుల బులెటిన్లు రోడ్డు రవాణా భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు.

ఫ్లూయిడ్ ఒకసారి దించి పోస్తే చాలదా? ఫ్లష్ (యంత్రంతో తోసి కడగడం) ఎందుకు?

గేర్‌బాక్స్ అడుగున ఉండే తొట్టి, అంటే పాన్, విప్పితే అందులో ఉన్నదే దిగుతుంది. కన్వర్టర్‌లో, కూలర్ గొట్టాల్లో ఉన్నది కదలదు. మొత్తం 11 లీటర్లు పట్టే గేర్‌బాక్స్‌లో పాన్ నుంచి 5 లీటర్లు దిగుతుందనుకోండి. ఒకసారి మారిస్తే పాతది 55 శాతం మిగులుతుంది. నడిపి, కలిసిపోయాక రెండోసారి మారిస్తే 30 శాతం. మూడోసారికి 16 శాతం. చిక్కంతా ఫ్లూయిడ్ రసాయనంలో ఉన్నప్పుడు 55 శాతం పాతది ఉంచుకుని ఫలితం ఆశించలేం. "మార్చాం, తగ్గలేదు, కన్వర్టర్ పోయింది" అనే మాటల వెనక చాలాసార్లు ఒక్కసారి దించి పోసిన పనే ఉంటుంది.

ఇంట్లో మనమే మార్చుకోవచ్చా?

వారంటీలో ఉంటే వద్దు. కంపెనీ ఖర్చుతో అవ్వాల్సిన పని అది, పైగా తప్పు జరిగితే వాదన మీ మీదికి తిరుగుతుంది. వారంటీ దాటితే, సమతలమైన నేల, నాలుగు గట్టి స్టాండులు, గేర్‌బాక్స్ ఉష్ణోగ్రత చూపే స్కానర్ ఉంటే చేయవచ్చు.

ముందు పోసే ప్లగ్గు విప్పి చూడండి. అది ఊడకపోతే దించే ప్లగ్గు జోలికి వెళ్లొద్దు. ఉన్నది దించేసి కొత్తది పోయలేక బండి ఇరుక్కుపోవడం ఇలాగే జరుగుతుంది. గేర్‌బాక్స్ గోరువెచ్చగా ఉండగా దించి, దిగినదాన్ని గీతలున్న డబ్బాలో కొలవండి. పాన్ విప్పితే అయస్కాంతం చూడండి. దానికి సన్నటి బూడిదరంగు పేస్టు అంటుకుని ఉంటే మామూలే. గోరుకు తగిలే లోహపు రేకులుంటే పని ఆపి గేర్‌బాక్స్ విప్పించాలి. నల్లటి పొడి, మాడిన వాసన లాకప్ క్లచ్‌వో, లోపలి క్లచ్‌లవో.

ఫిల్టర్, పాన్ ప్యాకింగు కొత్తవి వేయండి. పాన్ బోల్టులు ఎదురెదురుగా బిగిస్తూ, మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కే ఆపండి. అల్యూమినియం కేసులో మరలు తేలిగ్గా తెగుతాయి. దిగినంతే పోసి, ఇంజిన్ స్టార్ట్ చేసి, బ్రేకు మీద కాలుంచి ప్రతి గేరులో 3 నుంచి 5 సెకన్లు నిలిపి పార్క్ (పి) గేరుకు రండి.

ఇక లెవెల్. ఇప్పటి గేర్‌బాక్సులు చాలావాటికి బయట డిప్‌స్టిక్ లేదు. ఇంజిన్ నడుస్తుండగా, చెప్పిన ఉష్ణోగ్రతలో లెవెల్ ప్లగ్గు విప్పితే సన్నటి ధారగా కారి, చుక్కలుగా మారాలి. ఆ చుక్కల దగ్గర మూసేయాలి. ఉష్ణోగ్రత ఒక్కో బాక్సుకు ఒక్కోలా ఉంటుంది. జెడ్‌ఎఫ్ కంపెనీ 8 గేర్ల బాక్సు 8హెచ్‌పీకి 30 నుంచి 50 డిగ్రీల సెల్సియస్. వేరే కొన్నిటికి 80 దాటాక చూడాలి. మీ బాక్సుది మాన్యువల్‌లో చూసి మాత్రమే చేయండి. చల్లగా ఉండగా సరిచూసుకునే బాక్సును బాగా వేడిగా ఉన్నప్పుడు చూస్తే, వ్యాకోచించిన ఫ్లూయిడ్ పొంగి కారిపోయి, చల్లబడ్డాక లెవెల్ తక్కువవుతుంది.

ఏ ఫ్లూయిడ్ కొనాలి? అన్నిటికీ పనికొచ్చేదని రాసినది పోయొచ్చా?

పోయొద్దు. షడర్ అంటేనే ఫ్లూయిడ్‌కూ క్లచ్ ముఖానికీ పొత్తు కుదరకపోవడం, అక్కడ ఉజ్జాయింపు పనికిరాదు. జనరల్ మోటార్స్ 6 గేర్ల బాక్సు 6ఎల్80కి డెక్స్రాన్ 6, ఆ కంపెనీ 10 గేర్ల బాక్సుకు డెక్స్రాన్ యూఎల్‌వీ, ఫోర్డ్ 10 గేర్ల బాక్సు 10ఆర్80కి మెర్కాన్ యూఎల్‌వీ. ఫోర్డ్‌లోనే మెర్కాన్ ఎల్‌వీ అనే మరొకటి ఉంది. డబ్బా మీద ఒక్క అక్షరం తేడా, లోపల చిక్కదనమే వేరు. కొనేముందు డబ్బాను మాన్యువల్ పక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చండి. డబ్బా సీలు తీశాక మిగిలింది ఏళ్ల తరబడి దాచుకోవద్దు, తేమ చేరుతుంది.

వణుకు ఆపే మందని ట్యూబుల్లో అమ్ముతున్నారే?

అది గాఢమైన ఘర్షణ రసాయనం. కొన్ని బళ్లలో వణుకు నిజంగానే ఆగుతుంది. వారంటీలో ఉన్న బండిలో వాడకండి, లోపం కప్పబడిపోతుంది, ఫ్లూయిడ్ పరీక్షిస్తే బయటి పదార్థం దొరుకుతుంది. వారంటీ దాటిన పాత బండికి, కన్వర్టర్ మార్చే స్తోమత ఇప్పట్లో లేనప్పుడు, కాలం కొనుక్కోవడానికి పనికొస్తుంది. అంతకు మించి ఆశించవద్దు.

ఫ్లూయిడ్ మార్చి రెండు రోజులైంది, ఇంకా వణుకుతోంది.

కొంచెం ఆగండి. క్లచ్ ముఖంలోని కాగితపు పొర పాత ఫ్లూయిడ్‌ను, తేమను వదిలి కొత్తదాన్ని పీల్చుకోవాలి. దానికి 320 కిలోమీటర్లు, అంటే 200 మైళ్ల దాకా పట్టవచ్చు. ఆ దూరంలో కొంత నగరంలో, కొంత నిలకడగా హైవేలో నడపండి. గేర్‌బాక్స్ పూర్తి వేడి మీద తిరిగితేనే తేమ పోతుంది, రోజూ నాలుగు కిలోమీటర్ల ప్రయాణాలు లెక్కలోకి రావు. ఆ తర్వాత కూడా ఏ మార్పూ లేకపోతే మళ్లీ స్లిప్ గీత రికార్డు చేసి ముందుదానితో పోల్చండి.

కన్వర్టర్ మార్చాలని ఎప్పుడు నిర్ణయించాలి?

సరైన ఫ్లూయిడ్ పూర్తిగా మారి, ఆ దూరం తిరిగి, స్లిప్ గీత ఇంకా కొట్టుకుంటుంటే. లేదా పాన్‌లో నల్లటి ఘర్షణ పొడి కనబడితే. గేర్‌బాక్స్ దించే పని కాబట్టి మార్చేటప్పుడు నాలుగు విషయాలు రాతపూర్వకంగా అడగండి. కూలర్, దాని గొట్టాలు కడిగారా? పాత పొడి అక్కడే దాక్కుని కొత్త కన్వర్టర్‌లోకి వస్తుంది. వాల్వ్ బాడీలో లాకప్ ఒత్తిడి నియంత్రించే వాల్వ్, దాని రంధ్రం అరిగాయేమో చూశారా? అరిగితే ఒత్తిడి నిలవదు, కొత్త క్లచ్ కూడా వణుకుతుంది. ఇంజిన్‌కూ కన్వర్టర్‌కూ మధ్య ఉండే పళ్లెం, ఫ్లెక్స్‌ప్లేట్, పగుళ్లు చూశారా? పని అయ్యాక స్కానర్‌తో గేర్‌బాక్స్ నేర్చుకునే ప్రక్రియ చేశారా? ఈ చివరిది వదిలేస్తే కంప్యూటర్ పాత క్లచ్‌ల లెక్కతోనే కొత్తవాటిని నడుపుతుంది.

కొత్త కన్వర్టర్ బిగించేటప్పుడు అది పంపులో పూర్తిగా కూర్చోవాలి. సగం కూర్చున్నదాన్ని బోల్టులతో లాగి బిగిస్తే పంపు పగులుతుంది.

ఫ్లూయిడ్ గులాబీరంగు పాలలా ఉంది.

బండి ఇప్పుడే ఆపండి. రేడియేటర్ లోపల ఉండే గేర్‌బాక్స్ కూలర్ చిల్లుపడి కూలెంట్ కలిసింది. 2005 నుంచి కొన్నేళ్ల పాటు వచ్చిన నిస్సాన్ ఫ్రాంటియర్ పికప్పుల్లో ఈ లోపం బాగా పేరుపడింది, మొదటి లక్షణం ఒక్కోసారి షడరే. కూలెంట్‌లోని గ్లైకాల్ క్లచ్ పొరలనూ వాటిని అంటించిన జిగురునూ తినేస్తుంది. కొద్ది దూరమే నడిపి వెంటనే కడిగితే బతకవచ్చు, ఎక్కువ తిరిగితే గేర్‌బాక్స్ మొత్తం విప్పాల్సిందే. రేడియేటర్ మార్చకుండా ఫ్లూయిడ్ మాత్రం మార్చడం దండగ.

అపాయింట్‌మెంట్‌కు మూడు వారాలుంది. అప్పటిదాకా నడపొచ్చా? ట్రైలర్ లాగొచ్చా?

నడపొచ్చు, లాకప్ జారే పరిస్థితి తప్పించుకుంటూ. వణుకు వచ్చే వేగంలో టో/హాల్ మోడ్ (బరువు లాగడానికి ఇచ్చిన స్విచ్) వేయండి. చాలా బళ్లలో అది ఆర్‌పీఎం ఎక్కువగా ఉంచుతుంది. లేదా మాన్యువల్‌లో ఒక గేరు తగ్గించండి. ఇంధనం కొంచెం ఎక్కువ తాగుతుంది, క్లచ్ ముఖం మాత్రం మిగులుతుంది. వణుకును భరిస్తూ అదే వేగంలో గంటలకొద్దీ క్రూజ్ కంట్రోల్ పెట్టుకోవడం అన్నిటికంటే చెడ్డది.

బరువైన ట్రైలర్ లాగొద్దు. తప్పనిసరైతే గేర్‌బాక్స్ ఉష్ణోగ్రత తెర మీద పెట్టుకుని, రోజూ చూసే అంకె కంటే 20 డిగ్రీలు పెరిగితే పక్కకు ఆపి, పార్క్ గేరులో ఇంజిన్ నడవనిచ్చి చల్లార్చండి. వణుకుతో పాటు గేర్లు జారడం, ఇంజిన్ ఉరుకుతున్నా బండి ముందుకు కదలకపోవడం, మాడిన వాసన వస్తే నడపడం మానేసి ట్రక్కును ఎత్తి తీసుకెళ్లే బండి పిలవండి.

బాగయ్యాక మళ్లీ రాకుండా ఏం చూసుకోవాలి?

ఫ్లూయిడ్ జీవితాంతం ఉంటుందన్న మాట లోడు లాగే పికప్పుకు నమ్మకండి. మాన్యువల్‌లో కఠిన వాడకం కింద ఇచ్చిన దూరాన్నే పట్టుకోండి. నీళ్లు నిలిచిన చోట బండి దిగబడితే, గేర్‌బాక్స్ గాలి గొట్టం చివర మునిగిందా చూడండి. వేడి బాక్సు చన్నీళ్లలో చల్లబడి లోపలికి పీల్చుకుంటుంది, అనుమానముంటే ఫ్లూయిడ్ మార్చేయండి. సర్వీసులో ఒకసారి 100 మిల్లీలీటర్ల నమూనా తీసి ల్యాబ్‌కు పంపితే మంచిది. పంపేటప్పుడు నీటి శాతం కార్ల్ ఫిషర్ పద్ధతిలో కొలవమని ప్రత్యేకంగా అడగండి. వేడి పెనం మీద చుక్క వేసి చిటపటలు వినే పరీక్షకు ఇంత కొద్ది తేమ దొరకదు.